ఖాజీ దఫ్తరులో ఒక పల్లెటూరిని వెతకడం ఎలా

రాజుల యుద్ధాలు, పట్టాభిషేకాలు చదివి చదివి, మరి ఆ రాజ్యంలో దుక్కి దున్నినవాడి సంగతేంటి అని ఎప్పుడైనా అనిపించిందా? నాకు అనిపించింది. ఊళ్ళో మనుషులు వాళ్ళంతట వాళ్ళు రాసిపెట్టుకున్నది దాదాపు ఏమీ లేదు. వాళ్ళ పేరు కాగితం మీదికి ఎక్కేది ఎక్కువగా రెండు సందర్భాల్లో: పన్ను వేసేవాడు లెక్క రాసుకున్నప్పుడు, వాళ్ళకి వాళ్ళే పనిబడి కోర్టు మెట్లెక్కినప్పుడు. ఈ రెండో రకం కాగితాలు టర్కీ సుల్తానుల ఒట్టోమన్ సామ్రాజ్యం నుంచి మిగిలినన్ని చాలా చోట్ల మిగలలేదు. బుర్సా నగరంలో 15వ శతాబ్దం మధ్య నుంచి, ఇస్తాంబుల్ ఎదురొడ్డున ఉన్న ఉస్కుదార్‌లో 1513 నుంచి ఖాజీ కోర్టు పుస్తకాలు ఉన్నాయి. టర్కీలోనే కాదు, జెరూసలేం, కైరో, డమాస్కస్, సోఫియా, సైప్రస్, క్రీట్ దీవుల్లో కూడా ఉన్నాయి. వీటిని సిజిల్ అంటారు.

వీటిలో ఒక ఊరిని ఎలా వెతికి పట్టుకోవాలో, దొరికాక ఎలా చదవాలో నాకు తెలిసినంత వరకు వరసగా చెప్తాను. మీరు చరిత్ర విద్యార్థి కానక్కర్లేదు, ఓపిక ఉంటే చాలు. ఒక మాట ముందే చెప్తున్నా, తెలుగువాళ్ళకి ఇది అనుకున్నంత కష్టం కాదు, ఎందుకో మూడో మెట్టులో చూస్తారు.

మొదటి పని: కోర్టు ఎలా నడిచేదో తెలుసుకోండి

సామ్రాజ్యాన్ని కజాలుగా విడగొట్టారు. ఒక పట్నం, దాని చుట్టూ ఉన్న ఊళ్ళు కలిపితే ఒక కజా, మన తాలూకా అనుకోండి. కజాకి ఒక ఖాజీ, వాళ్ళ నోట్లో కాడి. మనకి ఖాజీ అనగానే నిఖా చేయించే పెద్దమనిషి గుర్తొస్తాడు కానీ, అక్కడ ఆయన జడ్జి, రిజిస్ట్రారు, కొంతవరకు తహసీల్దారు కూడా. తగాదా తీర్చడం, అమ్మకం రాయించడం, పెళ్ళీ విడాకులూ నమోదు చేయడం, చనిపోయినవాళ్ళ ఆస్తి వారసులకి పంచడం, బజారులో రొట్టె ధర నిర్ణయించడం, ఇస్తాంబుల్ నుంచి వచ్చిన ఫర్మానాలు చదివి వినిపించడం, అన్నీ ఆయన పనే. ఒక చోట ఎక్కువ కాలం ఉండేవాడు కాదు, మామూలుగా ఏడాదికో రెండేళ్ళకో బదిలీ. అందుకే ఊళ్ళ మీద అసలు పట్టు నాయిబ్‌ది, అంటే ఖాజీ కింద పనిచేసే ఉప న్యాయాధికారిది. ఊళ్ళకి వెళ్ళేదీ, సంఘటన జరిగిన చోటు కళ్ళారా చూసి వచ్చేదీ ఎక్కువగా నాయిబే.

ఇవన్నీ ఒకే పుస్తకంలో రాసేవాళ్ళు. సన్నగా, పొడుగ్గా ఉండే పుస్తకం. చాలా పుస్తకాల్లో ఒక చివర నుంచి కేసులు, తిరగేసి రెండో చివర నుంచి ఫర్మానాల నకళ్ళు ఉంటాయి. కాబట్టి మధ్యలో ఉన్నట్టుండి విషయం మారిపోతే కంగారు పడకండి, మీరు పుస్తకం రెండో వైపుకి వచ్చేశారన్నమాట.

ఇంకో సంగతి, మన చేతికొచ్చేది కోర్టు తన దగ్గర ఉంచుకున్న నకలు. అసలు పత్రాన్ని పార్టీ ఇంటికి తీసుకెళ్ళిపోయింది. ఆ పత్రాలు చాలావరకు పోయాయి, పుస్తకాలే మిగిలాయి.

రెండో పని: ఒకే ఊరు, ఒకే పుస్తకం పట్టుకోండి

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ఎక్కువగా చేసే తప్పు, ఒకేసారి సామ్రాజ్యమంతా తెలుసుకోవాలనుకోవడం. వద్దు. ఇస్తాంబుల్ చుట్టుపక్కల కోర్టుల పుస్తకాలు 100 సంపుటాలుగా లాటిన్ లిపిలోకి మార్చి, ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టారు. ఇస్తాంబుల్ కాడి సిజిల్లెరి అని వెతికితే దొరుకుతాయి. వాటిలో పదం కొట్టి వెతకొచ్చు. ప్రతి నమోదుకీ పైన ఇవాళ్టి టర్కిష్‌లో ఒక వాక్యం శీర్షిక ఉంటుంది, "ఫలానావాడు ఫలానావాడికి చేను అప్పగించడం" లాగా. ఆ శీర్షికని ఫోన్‌లో అనువాదం చేసుకోవచ్చు, బాగానే వస్తుంది. లోపలి పాఠాన్ని మాత్రం యంత్రానికి ఇవ్వకండి, పాత భాష కదా, ధైర్యంగా తప్పు చెప్తుంది.

ఇస్తాంబుల్ అంటే నగరమే కదా, ఊళ్ళెక్కడివి అంటారేమో. ఉస్కుదార్ కోర్టు కింద, ఎయుప్ కోర్టు కింద బోలెడు పల్లెలు ఉండేవి. ఎయుప్ పుస్తకాల్లో నగరానికి పడమటి వైపు ఉన్న ఊళ్ళ గొర్రెలు, మేతభూములు, చేలు, ద్రాక్షతోటలు, మిల్లులు తరచూ కనిపిస్తాయి. అక్కడ మొదలుపెట్టండి.

వెతకాల్సిన పదాలు: ఊరికి కర్యె, చేనుకి తర్లా, ద్రాక్షతోటకి బాగ్, మిల్లుకి దెయిర్మెన్, గొర్రెకి కొయున్, ఎద్దుకి ఓక్యుజ్, కళ్ళానికి హర్మన్. ఒక డిక్షనరీలో వీటి స్పెల్లింగు చూసి రాసిపెట్టుకోండి, పాత పాఠంలో అక్షరాలు కొంచెం అటూ ఇటూ ఉంటాయి కాబట్టి రెండు మూడు రకాలుగా కొట్టి చూడాలి. ఊరు దొరికాక మ్యాపులో పెట్టండి. ఇక్కడ ఒక చిక్కుంది, 20వ శతాబ్దంలో టర్కీ ప్రభుత్వం వేల ఊళ్ళ పేర్లు మార్చేసింది. పాత పేరుకి కొత్త పేరు చూపించే జాబితాలు ఆన్‌లైన్‌లో ఉన్నాయి, వాటితో సరిచూసుకోకుండా "ఆ ఊరు ఇప్పుడు లేదు" అని రాసేయకండి.

మూడో పని: భాష. ఇక్కడ మనం అదృష్టవంతులం

ఈ పాఠాలు చూసి తెలుగువాళ్ళు భయపడకూడదు అని నేను గట్టిగా ఎందుకంటానంటే, రెండు కారణాలు.

ఒకటి, వాక్యం. టర్కిష్‌లో క్రియ చివర్లో వస్తుంది, మనలాగే. కోర్టు రాతగాడు ఫుల్‌స్టాప్ అనేదే పెట్టడు. "వచ్చి, చెప్పి, అప్పగించి, సొమ్ము తీసుకుని" అని గెలిప్, ఎదిప్, వెరిప్ అంటూ ముక్క మీద ముక్క తగిలించుకుంటూ పోతాడు, అసలు క్రియ పది లైన్ల తర్వాత వస్తుంది. ఇంగ్లీషుకి అలవాటుపడ్డ బుర్రతో చదివితే దారి తప్పుతాం, తెలుగు బుర్రతో చదివితే హాయిగా సాగుతుంది. మా తాతగారి ట్రంకుపెట్టెలో ఉన్న పాత దస్తావేజు ఒకటి సరిగ్గా ఇదే నడకలో ఉంది. "రాయించి ఇచ్చిన క్రయ పత్రం ఏమనగా" అని మొదలై, నాలుగు హద్దులూ తిరిగి, సొమ్ము ముట్టి, సాక్షుల దగ్గరికి వచ్చేదాకా ఒకటే వాక్యం. నేను మొదటి నెలంతా వాక్యం ఎక్కడ విరుగుతుందో తెలియక అవస్థపడి, ఆ దస్తావేజు పక్కన పెట్టుకుని చదివాక గానీ దారిన పడలేదు.

రెండోది, మాటలు. గోల్కొండ, మొఘల్, నిజాం కచేరీల ద్వారా మన నోట్లోకి వచ్చిన అరబీ, పారశీ మాటల్లో సగం అక్కడా ఉన్నాయి. దావా, వకీలు, హాజరు, మొహరు, దఫ్తరు, తారీఖు, రాజీ, మహజరు. నాయబ్ తహసీల్దారులో ఉన్న నాయబే ఆ నాయిబ్.

కానీ జాగ్రత్త, కొన్ని మాటలు చూడ్డానికి చుట్టాల్లా ఉండి మోసం చేస్తాయి. నేను మోసపోయినవి చెప్తాను. ముద్దాయి అంటే మనకి నిందితుడు, అక్కడ దావా వేసినవాడు! దీన్ని తిప్పి చదివితే కేసు మొత్తం తలకిందులవుతుంది. నేను ఒక గొర్రెల కేసులో దొంగనీ, గొర్రెలు పోగొట్టుకున్నవాడినీ తారుమారు చేసుకుని రెండు రోజులు చదివాను. హుజ్జతు అంటే మనకి పేచీ, "ఊరికే హుజ్జతు చేయకు" అంటాం. అక్కడ హుజ్జెత్ అంటే పేచీ తీరాక చేతికిచ్చే పత్రం. సిపాయి అంటే మనకి మామూలు పోలీసో సైనికుడో, అక్కడ సిపాహీ అంటే గుర్రపు దళం మనిషి, జీతానికి బదులు ఊరి ఆదాయం అతనికి రాసిస్తారు, దాన్ని తిమార్ అంటారు. ఊళ్ళో పన్ను తీసుకునేది అతనే. ఇక రైతు. రెఆయా అనే ఆ మాటకీ మన రైతుకీ మూలం ఒకటే, అక్కడ మాత్రం పన్ను కట్టే జనమంతా రెఆయానే, పట్నంలో చెప్పులు కుట్టేవాడు కూడా.

నాలుగో పని: ఒక నమోదుని ముక్కలుగా విప్పండి

ఇది అసలు పని. నిదానంగా చేయాలి. కింద ఒక మాదిరి రాస్తున్నాను, ఇది నిజమైన కేసు కాదు, పేర్లూ అంకెలూ నేను వేసినవే, అచ్చు మాత్రం అక్కడిదే:

"ఫలానా కజాలో ఫలానా కర్యె నివాసి అలీ బిన్ హసన్ అనువాడు షరా సభకు వచ్చి, ఈ పత్రానికి కారకుడైన ముస్తఫా బిన్ అబ్దుల్లా ఎదుట ఇక్రార్ చేసి చెప్పినదేమనగా, నా అనుభవంలో ఉన్నట్టిన్నీ, ఒక వైపు వాగు, ఒక వైపు యోర్గి వెలెద్ నికోలా చేను, రెండు వైపుల రాదారి హద్దులుగా గల నాలుగు దోన్యుమ్‌ల చేనును సిపాహీ అనుమతితో 400 ఆక్చెలకు ముస్తఫాకు వదిలి, సొమ్ము పూర్తిగా ముట్టించుకుంటిని, ఇకమీదట అతడే అనుభవించవలసినది అని చెప్పగా, ముస్తఫా ఔనన్న మీదట, జరిగినది జరిగినట్టు, కోరిక మీద రాయడమైనది. రెబీయులెవ్వెల్ నెల నడిమి పది రోజులలో, 1020."

షరా సభ అంటే ఖాజీ కోర్టు, ఇక్రార్ అంటే ఒప్పుకోలు, దోన్యుమ్ నేల కొలత, ఆక్చె వెండి నాణెం. ఇప్పుడు ఒక్కో ముక్క పట్టుకోండి.

"అమ్మాను" అని లేదు చూశారా, "వదిలాను" అని ఉంది. ఎందుకంటే గోధుమ, బార్లీ పండే చేను చాలావరకు సర్కారుది, మీరీ భూమి. దున్నేవాడికి ఉన్నది అనుభవ హక్కే. ఆ హక్కు చేతులు మారాలంటే సిపాహీ ఒప్పుకోవాలి, అతనికి తపు రుసుము కట్టాలి. ఇల్లు, చెట్లు, ద్రాక్షతోట మాత్రం సొంతం, వాటి దగ్గర "అమ్మాను" అనే రాస్తారు. కాబట్టి ఈ ఒక్క క్రియ చూసి అది ఎలాంటి ఆస్తో చెప్పేయొచ్చు. కొడుకులకి భూమి మామూలుగా దఖలు పడేది. కూతుళ్ళకి 16వ శతాబ్దం రెండో సగం నుంచి తపు రుసుము కట్టి తండ్రి భూమి తీసుకునే దారి దొరికింది, అలాంటి కేసు తగిలితే వదలకండి.

ముస్తఫా తండ్రి పేరు అబ్దుల్లా. అంటే దేవుడి దాసుడు. నిజంగా ఆ పేరున్న తండ్రి అయినా కావచ్చు, కానీ కొత్తగా మతం మారినవాళ్ళకీ, విడుదలైన బానిసలకీ తండ్రి పేరు చోట ఇదే వేసేవాళ్ళు. ఒక్క చోట చూసి తేల్చకండి, అదే మనిషి ఇంకో నమోదులో దొరుకుతాడేమో వెతకండి.

పక్క చేను యోర్గిది. ముస్లిముల పేర్లలో కొడుకు అనడానికి "బిన్", కూతురికి "బింత్", క్రైస్తవుల పేర్లలో కొడుక్కి "వెలెద్". అంటే ఈ ఊళ్ళో ఇద్దరి చేలూ గట్టుకి గట్టు ఆనుకుని ఉన్నాయన్నమాట. ఏ ఊరి చరిత్రా విడిగా చెప్పని విషయం హద్దుల్లో బయటపడింది. మన దస్తావేజుల్లో చెక్కుబందీ చదివే అలవాటున్నవాళ్ళకి ఈ రుచి తెలుసు. నేనైతే హద్దులన్నీ కలిపి కాగితం మీద ఊరి బొమ్మ గీసుకుంటాను. ముప్ఫై నలభై హుజ్జెత్‌లు అయ్యేసరికి వాగు ఎటు పారుతుందో, మిల్లు ఎవరి చేను పక్కనుందో తెలిసిపోతుంది.

తేదీలో రోజు లేదు, నెల మొదటి పది, నడిమి పది, చివరి పది రోజులు అంటారు. హిజ్రీ 1020 రెబీయులెవ్వెల్ నడిమి పది రోజులంటే 1611 మే చివరి వారం చుట్టూ వస్తుంది. మార్పిడికి ఆన్‌లైన్ పట్టికలు ఉన్నాయి. ఒక ఆనవాలు గుర్తుంచుకోండి, హిజ్రీ 1000 మొదలైంది 1591 అక్టోబరులో. అప్పులు, కౌళ్ళ గడువు మాత్రం తరచూ చాంద్రమాన నెలల్లో చెప్పేవాళ్ళు కాదు, పంటలు చాంద్రమానం వినవు కదా. వసంతంలో హిజిర్ రోజు, చలికాలం ముందు కాసిమ్ రోజు, ఈ రెండు గడువులూ మళ్ళీ మళ్ళీ వస్తాయి. మనవాళ్ళు ఉగాదికి కౌలు మాట్లాడుకున్నట్టే.

కింద వరసగా నాలుగైదు పేర్లుంటాయి. వీళ్ళు కేసులో సాక్ష్యం చెప్పినవాళ్ళు కాదు, కోర్టు పని సవ్యంగా జరిగిందని చూసినవాళ్ళు, శుహూదుల్ హాల్ అంటారు. చాలామంది ఈ పేర్లు దాటేస్తారు. దయచేసి దాటకండి. ఆ ఊరి ఇమామో, ఊరి పెద్దో, ఎవరు ఎవరి పని మీద పట్నం దాకా నడిచి వచ్చారో అక్కడే ఉంది. ఒకే మనిషి పదిసార్లు కనిపిస్తే అతను ఊళ్ళో ఎవరో ఆలోచించండి.

ఐదో పని: "ఎవరు రాయించారు, ఎందుకు" అని ప్రతిసారీ అడగండి

"కోరిక మీద రాయడమైనది" అన్న మాట అలవాటుగా రాసిందే అయినా అందులో తాళంచెవి ఉంది. ఎవరికో ఆ కాగితం కావాలి, రుసుము కట్టి రాయించుకున్నారు.

దీనికి నా మనసుకి బాగా తగిలిన రకం కేసు చెప్తాను. ఒక తండ్రి కోర్టుకి వస్తాడు, లేదా నాయిబ్ ఊరికి వెళ్తాడు. శవాన్ని చూస్తారు, చుట్టుపక్కల వాళ్ళని అడుగుతారు. తండ్రి ఇలా చెప్తాడు: నా కొడుకు చెట్టెక్కి, కొమ్మ విరిగి కిందపడి, ఆయువు తీరి పోయాడు, ఈ ఊరివాళ్ళ మీద నాకు ఏ దావా లేదు. ఈ అచ్చులో కేసులు చాలానే ఉంటాయి, చెట్టు బదులు ఒక చోట బావి, ఒక చోట మిల్లు, ఒక చోట వాగు.

మొదటిసారి చదివినప్పుడు నాకు అర్థం కాలేదు, కొడుకు పోయిన దుఃఖంలో ఉన్న మనిషి, ఊరి మీద దావా లేదని చెప్పడానికి కోర్టుకెందుకొస్తాడు? కారణం ఇది. చంపినవాడు ఎవరో తెలియని శవం ఊరి పొలిమేరలో దొరికితే ఊరంతా జవాబుదారీ. యాభై ప్రమాణాలు చేయాలి, రక్తపరిహారం కట్టాలి. దానికి తోడు సుబాషీ, అంటే పోలీసు పని చూసే అధికారి, అతని మనుషులు దిగి, మీ ఊళ్ళో మనిషి చచ్చాడు జరిమానా కట్టండి అని పీడిస్తారు. అందుకని ఊరివాళ్ళే పూనుకుని, అది ప్రమాదమని కాగితం పుట్టిస్తారు. మన శవ పంచనామా లాంటిదే, కాకపోతే ఇక్కడ కాగితం కావాల్సింది ఊరికి. ఆ నాలుగు లైన్లలో ఒక తండ్రి దుఃఖం, ఊరి భయం, అధికారి జులుం మూడూ ఉన్నాయి, కానీ పైకి రాసి ఉన్నది "దావా లేదు" అని మాత్రమే. ఎవరు రాయించారు అని అడగకపోతే ఇవేవీ కనపడవు.

అలాగే "నా ఇష్టపూర్తిగా" అన్న మాట ఎక్కడ చూసినా ఉంటుంది. అది రాతగాడి అచ్చు. నిజంగా ఇష్టమో కాదో అది చెప్పదు. ఒక భార్య మెహర్ (పెళ్ళిలో భర్త ఇస్తానన్న సొమ్ము) వదులుకుని విడాకులు తీసుకుంటున్నా, ఒక రైతు అప్పుకింద తోట అప్పగిస్తున్నా అదే మాట. అచ్చు మాటల మధ్య అచ్చుకి లొంగనిది ఏదైనా కనిపిస్తే, ఎద్దు రంగో, చెట్టు జాతో, తిట్టిన తిట్టు ఉన్నదున్నట్టుగానో, అక్కడ ఆగండి. తిట్ల కేసుల్లో మనిషి గొంతు వినిపిస్తుంది. ఉస్కుదార్ పాత పుస్తకాల్లో పారిపోయిన బానిసల నమోదులు కుప్పలుగా ఉన్నాయి, ఎందుకంటే ఆసియా వైపు పోవాలంటే అది దాటాలి. "నడిమి ఎత్తు, ఎడంగా ఉన్న కనుబొమ్మలు, తేనెరంగు కళ్ళు" అని మనిషి రూపం రాస్తారు. వాటి పక్కనే తప్పిపోయిన ఎద్దులూ గుర్రాలూ, వాటికీ అలాగే రంగూ ఆనవాళ్ళూ. రెండూ ఒకే చేతిరాతలో, ఒకే పేజీలో. చదువుతుంటే గుండె కలుక్కుమంటుంది.

లెక్కల దగ్గర తొందర వద్దు

ధరలు పోల్చడం అందరికీ సరదా. ఎద్దు ఎంత, గోధుమలు ఎంత. కానీ 1585-86లో ఆక్చె అనే వెండి నాణెం విలువ సగానికి పడిపోయింది, అప్పటిదాకా బంగారు నాణేనికి 60 ఆక్చెలు ఉంటే 120 అయ్యాయి. ఈ సంగతి తెలియక 1570 ధరని 1600 ధర పక్కన పెట్టి కరువు వచ్చిందనో దోపిడీ జరిగిందనో రాస్తే తప్పులో కాలేసినట్టే.

కొలతలూ అంతే. దోన్యుమ్ అంటే నలభై అడుగులు వేసి ఇటు, నలభై అడుగులు వేసి అటు నడిస్తే వచ్చేంత నేల, వెయ్యి చదరపు మీటర్లకి కొంచెం తక్కువ. ధాన్యం కొలిచే కిలె ఇస్తాంబుల్‌లో సుమారు 25 కిలోల గోధుమలు, వేరే చోట వేరు. మన పుట్టి, మానిక ఊరికో తీరుగా ఉండేవి కదా, అదే బాధ. ఒక కుటుంబానికి ప్రమాణం చిఫ్త్, అంటే జత ఎద్దులతో దున్నగలిగినంత భూమి, నేల మంచిదైతే 60-80 దోన్యుమ్‌లు, చౌడుదైతే 150 దాకా. దాని మీద పన్ను చాలా చోట్ల ఏడాదికి 22 ఆక్చెలతో మొదలై, తర్వాత ప్రాంతాన్ని బట్టి పెరిగింది. పంటలో వాటా దీనికి అదనం.

చనిపోయినవాళ్ళ ఆస్తి జాబితాలు తెరెకె పేరుతో ఉంటాయి. రాగి గిన్నె, బొంత, పరుపు, ఒక ఎద్దు, గాదెలో విత్తనాలు, తీర్చాల్సిన అప్పులు. ఊరివాళ్ళవి తక్కువే దొరుకుతాయి, ఎక్కువగా వారసులు చిన్నపిల్లలైతేనో, దూరదేశంలో ఉంటేనో, తగాదా వస్తేనో రాసేవాళ్ళు. కాబట్టి నాలుగు తెరెకెలు చూసి "ఆ ఊళ్ళో అందరి ఇళ్ళూ ఇలాగే ఉండేవి" అనకండి.

రానివాళ్ళని కూడా లెక్కలో పెట్టుకోండి

కోర్టుకి రావాలంటే ఒక రోజో రెండు రోజులో నడవాలి, పని పోగొట్టుకోవాలి, రుసుము కట్టాలి. చాలా తగాదాలు ఊళ్ళోనే పెద్దమనుషుల ముందు తీరిపోయాయి. అవి పుస్తకానికి ఎక్కలేదు. ఎక్కినవాటిలో కూడా "మధ్యవర్తులు కలగజేసుకోగా రాజీపడ్డారు" అని ముగిసినవి చాలా ఉంటాయి, ఆ రాజీ వెనక ఎన్ని రాత్రుళ్ళ పంచాయితీ నడిచిందో మనకి కనపడదు. క్రైస్తవులూ యూదులూ కూడా ఈ కోర్టుకి వచ్చేవాళ్ళు, తమలో తమకున్న వ్యవహారాలకి సైతం, కానీ ముస్లిం మీద వాళ్ళ సాక్ష్యం చెల్లేది కాదు. కాబట్టి ఓడిపోయినవాడిది అబద్ధమని అనుకోకండి, సరైన సాక్షి దొరకకపోయి ఉండొచ్చు.

ఇంకా ముఖ్యమైంది, ఖాజీ మీదే కోపం ఉన్నవాడు ఖాజీ పుస్తకంలో ఎందుకు రాయిస్తాడు? అధికారులు, కొన్నిసార్లు ఖాజీలూ నాయిబ్‌లూ కూడా పరివారంతో ఊళ్ళ మీద పడి కోళ్ళు, తేనె, గుర్రాలకి మేత ఉచితంగా లాక్కునేవాళ్ళు. దీన్ని ఆపమని సుల్తానులు మళ్ళీ మళ్ళీ న్యాయ ఫర్మానాలు ఇచ్చారు, 1609లో ఇచ్చినది బాగా తెలిసినది. 16వ శతాబ్దం చివర్లో, 17వ శతాబ్దం మొదట్లో అనతోలియాలో, అంటే టర్కీ ఆసియా భాగంలో, జెలాలీ అనే తిరుగుబాట్ల కాలంలో ఊళ్ళకి ఊళ్ళే ఖాళీ అయ్యాయి. అలాంటప్పుడు పుస్తకంలో ఒక ఊరి పేరు కనపడకుండా పోతే, అది ప్రశాంతంగా ఉందనుకోవాలా, మనుషులే లేరనుకోవాలా? దీనికి సిజిల్ ఒక్కటే చాలదు. పన్ను సర్వే పుస్తకాలు, అంటే తహ్రీర్ దఫ్తరులు, ఊరి ఇళ్ళ లెక్క చెప్తాయి. సుల్తాను దివాను నుంచి వెళ్ళిన ఉత్తరువులు ముహిమ్మె దఫ్తరుల్లో ఉన్నాయి, జనం పెట్టుకున్న మహజర్లకి జవాబులు అక్కడ దొరుకుతాయి. మూడూ పక్కపక్కన పెట్టుకోండి.

రోజువారీ పద్ధతి

నేను చేసేది చెప్తాను. ఒక ఎక్సెల్ షీటు. నిలువు గడులు: పుస్తకం, నమోదు నంబరు, తేదీ రెండు క్యాలెండర్లలో, ఊరు, దావా వేసినవాడు, ఎదుటివాడు, తండ్రుల పేర్లు, వస్తువు, సొమ్ము, నాలుగు హద్దులు, కింది పేర్లు, ఎవరు రాయించుకున్నారు, అచ్చుకి లొంగని మాట. చివరి గడి చాలాసార్లు ఖాళీగా ఉంటుంది, అయినా తీసేయకండి. రోజుకి రెండు నమోదులకి మించి వద్దు. మొదట శీర్షిక, తర్వాత పాఠం, పాఠం తెలుగులో మీ మాటల్లో రాసుకోవడం, ఆఖర్న గడులు నింపడం. మీ అనువాదం ఇంకొకరికి చదివి వినిపించండి, ఎవరు దావా వేశారో విన్నవాళ్ళకి తేలిగ్గా అర్థంకాకపోతే మీకూ అర్థం కాలేదని గుర్తు. అరబీ లిపిలో అసలు పేజీలు చదవడం ఆరు నెలల తర్వాతి మాట, ఉర్దూ చదవడం వచ్చినవాళ్ళకి ఇంకా ముందే.

ఉర్దూ, పారశీ వచ్చినవాళ్ళు హైదరాబాదులో ఉంటే ఇంకో దారి కూడా ఉంది. తార్నాకలో తెలంగాణ స్టేట్ ఆర్కైవ్స్‌లో షాజహాన్, ఔరంగజేబు కాలపు దక్కను కాగితాలు లక్షకి పైగా ఉన్నాయి. అవి కోర్టు పుస్తకాలు కావు, ఎక్కువగా పరిపాలన కాగితాలు, కానీ అదే కాలం, అదే కచేరీ భాషకి దగ్గర చుట్టం. లిపికి కన్ను అలవాటు కావడానికి మంచి చోటు.

ఇవాళ సాయంత్రం మాత్రం లిపి జోలికి పోకండి. జెవిజ్ అని కొట్టండి, అక్రోటు చెట్టు అని అర్థం. చెట్టు ఎవరిదన్న తగాదా రావచ్చు, అమ్మకంలో హద్దుగా రావచ్చు, లేదా కొడుకుని పోగొట్టుకున్న తండ్రి రావచ్చు. మొదట వచ్చిన నమోదు తెరిచి, కింద ఉన్న పేర్ల నుంచి పైకి చదవడం మొదలుపెట్టండి.